మెట్ల మలుపు దగ్గర లెక్క

విచారణాధికారి నుంచి వచ్చిన కాగితంలో ఒక్కటే ప్రశ్న ఉంది. వరద రోజున మూడో తరగతి వరస నుంచి ఆ విద్యార్థిని ఎప్పుడు, ఎలా విడిపోయిందో మీకు ఏమైనా తెలుసా? జవాబు రాయడానికి కింద ఆరు గీతలు గీసి ఇచ్చారు. వచ్చే వారం కాక పై సోమవారం పదకొండు గంటలకు ఆ కాగితంతో నేను స్వయంగా హాజరు కావాలి.

ఆ విద్యార్థిని మా అమ్మాయి. ఎనిమిదేళ్ళది.

పద్దెనిమిదేళ్ళుగా ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్నదాన్ని. ఆరు గీతలు ఇచ్చారంటే ఆరు గీతల జవాబు ఆశిస్తున్నారని తెలుసు. నా దగ్గరున్న జవాబుకి రెండు గీతలు చాలు. నాలుగు నెలలుగా ఆ రెండు గీతలు నేను ఎవరితోనూ అనలేదు. అవి అనేస్తే మూడో తరగతి టీచరు ఉద్యోగం నిలబడుతుంది. అనకపోతే పోతుంది. అన్న రోజున మా ఇంట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

మా ఆయన కుట్టుమెషీన్లు బాగుచేస్తారు. కాలువ గట్టు తెగి ఊళ్ళో సగం ఇళ్ళు మునిగాక, కడుపులో బురద నింపుకున్న మెషీన్లన్నీ మా వరండాకి చేరాయి. ఆయన ఒక్కోదాన్ని విప్పి, భాగాలు కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమి, తుడిచి, నూనె వేసి మళ్ళీ బిగిస్తారు. నాలుగు నెలలుగా అదే పని. మా అత్తయ్యకి ఒళ్ళు మండిపోతుంది.

"ఇల్లా ఇది, మెషీన్ల ఆసుపత్రా? ఎక్కడ కాలు పెట్టినా ఎవడిదో చక్రం తగులుతోంది. ఎప్పుడు పంపిస్తావురా వీటిని?"

"పంపిస్తానమ్మా."

"ఎప్పుడు, నేను పోయాకా?"

"నువ్వు పోతే నీ గదిలో ఇంకో పది పడతాయి."

ఆ మాటకి అత్తయ్య నవ్వబోయి, గోడ మీద మా అమ్మాయి ఫొటో కంటబడి ఆగిపోయింది. ఫొటో పక్కనే నాకిచ్చిన ప్రశంసాపత్రం ఉంది. కన్నబిడ్డను పోగొట్టుకొని కూడా ముప్పై నలుగురు విద్యార్థులను క్షేమంగా మేడ మీదికి చేర్చిన ఉపాధ్యాయిని అని అందులో రాసి ఉంటుంది. దాన్ని అత్తయ్యే అద్దం కట్టించి తగిలించింది. నేను ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

మా అమ్మాయిని వాళ్ళ నాన్న బాబిన్ అని పిలిచేవారు. మెషీన్లో దారం చుట్టిన బాబిన్ లాగా ఒకచోట నిలవదు, గిరగిరా తిరుగుతూనే ఉంటుందని. బడిలో మాత్రం ఎవరూ అలా పిలవకూడదని, తను నన్ను అమ్మా అనకూడదని మొదటిరోజే చెప్పాను. గేటు దాటితే నేను టీచర్ని, అంతే. టీచరు కూతురని ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. అది ఆ మాట ఎంత శ్రద్ధగా పాటించిందంటే, సాయంత్రం గేటు బయటికి రాగానే ఆగి అడిగేది, "టీచర్ అయిపోయిందా?" అని. అయిపోయింది అంటే సంచీ నా చేతిలో పెట్టి, "అమ్మా, కాళ్ళు నొప్పి" అనేది. బడిలో ఉన్నంతసేపూ ఆ నొప్పి దాచుకునేదన్నమాట.

వరద తరవాత నాకు పట్టుకున్న జబ్బుకి పేరుందని డాక్టరు చెప్పారు. నాకు తెలిసింది ఇది: ఎక్కడ కూర్చున్నా లెక్కపెడతాను. కుర్చీలు, మెట్లు, కిటికీ ఊచలు, పళ్ళెంలో మిగిలిన మెతుకులు. పంపు చప్పుడైతే ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. అందుకని అత్తయ్య బకెట్లో ఓ పాత గుడ్డ వేసి పంపు విప్పుతుంది, నీళ్ళు చప్పుడు కాకుండా పడాలని. నా కోసం. అది చూసినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

బడిని మూతపడిన సినిమా హాల్లోకి మార్చారు. నేల ఏటవాలుగా ఉంటుంది కదా, ఎవరి పెన్సిల్ కింద పడ్డా దొర్లుకుంటూ తెర దాకా పోతుంది. పిల్లలకి అదో ఆట. నేను ఒక్కరోజు వెళ్ళాను. హాజరు తీసుకున్నాను. ముప్పై నాలుగు వచ్చింది. ఇంకొకరి కోసం కుర్చీల వరసల మధ్య వెతకడం మొదలుపెట్టాను. ఆఖరు వరసలో ఒక అమ్మాయి నన్ను చూసి తల దించుకుంది. ఆమె ఎందుకు దించుకుందో నాకు తెలుసు. ఆ రోజు మా వరసలో చివరన నిలబడ్డ పిల్ల ఆమే. తనూ, తన ముందున్న ఒకరిద్దరూ చూసే ఉంటారు. వాళ్ళని ఎవరూ అడగలేదు. టీచర్ల గురించి అడగనిది చెప్పకూడదని వాళ్ళకి తెలుసు. అదీ నేను నేర్పిందే.

హెడ్మాస్టారు నన్ను ఇంటి దగ్గర దింపి, "సెలవు పెట్టండమ్మా, ఎన్నాళ్ళైనా ఫర్వాలేదు" అన్నారు. అప్పటికే మా ఆయన ఫిర్యాదు రాశారు. రాసింది ఆయన, తప్పులు దిద్దింది నేను. 'నా బిడ్డను వరసలోంచి పోగొట్టిన టీచరు ఇంక ఏ బడిలోనూ పిల్లల ముందు నిలబడకూడదు' అని రాశారు. రెండుచోట్ల ఒత్తులు పెట్టి, ఒకచోట కామా పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించాను.

*

మూడో తరగతి టీచరు చిన్నపిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. బడిలో అందరూ చిన్న టీచర్ అనేవారు. ప్రమాదం వస్తే పిల్లల్ని మేడ మీదికి ఎలా తీసుకెళ్ళాలో ఏడాదికి రెండుసార్లు అభ్యాసం చేయించేవాళ్ళం. దాని బాధ్యత నాది. నిబంధనలూ నేను రాసినవే. ఎవరి వరస వారిదే. నా అయిదో తరగతి ముందు మెట్ల మీదుగా, మూడో తరగతి వెనక మెట్ల మీదుగా. తలుపు దగ్గర ఒకసారి, మెట్ల మలుపులో ఒకసారి, పైన ఒకసారి లెక్క. కళ్ళతో కాదు, ఒక్కో తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టాలి. ఒకరు తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. ఎందుకంటే ఇక్కడ ఎక్కువైన పిల్ల కోసం అక్కడ ఇంకొక టీచరు వెతుక్కుంటూ ఉండిపోతుంది. చిన్న టీచర్‌కి ఇదంతా నేనే దగ్గరుండి నేర్పాను.

కాగితం వచ్చిన వారమే, ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో అత్తయ్య ఎదురైంది.

"ఏం పని? ఇంకా ఎవరినైనా లెక్కపెట్టాలా ఈ ఇంట్లో?"

"అక్కతో మాట్లాడదామనండీ..."

"అక్కా! ఏం వరసలు కలుపుతున్నావమ్మా. ఇరవై ఏడు మందిని చూసుకోమంటే ఇరవై ఆరుగురిని తెచ్చిందానివి. మా అమ్మాయి పేరు పలికే అర్హత నీకుందా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు ఆ రోజు?"

చిన్న టీచర్ చెప్పులు గుమ్మం బయట ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టింది. నేను అత్తయ్య వెనకే నిలబడి ఉన్నాను. అంతా విన్నాను. "లోపలికి రా" అని మాత్రం అన్నాను.

ఆమె మెషీన్ల మధ్య స్టూలు మీద కూర్చుంది. మా ఆయన తలెత్తి చూసి, చేతిలో బ్రష్షు పక్కన పడేసి, పెరట్లోకి వెళ్ళిపోయారు.

"మీరు చెప్పినట్టే తల తాకి లెక్కపెట్టాను అక్కా. తలుపు దగ్గర ఇరవై ఏడు. పొడుగు పిల్లలు వెనక కదా, మీ అమ్మాయి ఆఖరున ఉంది. తనదే ఆఖరి తల. నేను ముందు నడిచాను. వెనక మెట్ల మలుపులో లెక్కపెట్టనే లేదు. నీళ్ళ చప్పుడు పెద్దదైపోయింది, పిల్లలు తోసుకుంటున్నారు, పైకి లాక్కుపోయాను. పైన ఇరవై ఆరు. అది నా తప్పే. కానీ అక్కా..." ఆమె గొంతు తగ్గింది. "ఈమధ్య తలుపు దగ్గర లెక్క కూడా సరిగ్గా పెట్టలేదేమో అనిపిస్తోంది. ఇరవై ఆరే ఉన్నారేమో, నేనే భయంలో ఇరవై ఏడు అనుకున్నానేమో. రోజూ చెయ్యి ఇలా గాల్లో పెట్టి మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాను. ఆఖరి తల తగిలిందా లేదా గుర్తు రావట్లేదు. మా నాన్న, నీకు మతి పోయింది, టీచరు పని నీకొద్దు అంటున్నారు. మీరు నన్ను క్షమించక్కర్లేదు. చెప్పుకుందామని వచ్చాను, అంతే."

ఆమె చెయ్యి నిజంగానే గాల్లో ఉంది. వేళ్ళు ఎవరిదో తల మీద ఆనించినట్టు.

నేను లేచి లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆమె తాగింది. "వస్తానక్కా" అని వెళ్ళిపోయింది. నేను గ్లాసు కడిగి బోర్లించాను.

*

డాక్టరు చెప్పిన మేడమ్ దగ్గర నాకు కౌన్సెలింగ్ ప్రతి బుధవారం, గ్రంథాలయంలో పాత పత్రికలు పెట్టే గదిలో. పదకొండు కుర్చీలు, రెండు కిటికీలు, ఒక ఫ్యాను. మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. పూర్వం నర్సుగా చేశారు. ఎప్పుడు చూసినా జలుబే.

"నా ముక్కుని పట్టించుకోకండి టీచరు గారూ. దానికి ఏడవడానికి కారణం అక్కర్లేదు," అన్నారు మొదటిరోజే.

ఆవిడ పద్ధతి ఇది. కళ్ళు మూసుకొని, ఆ రోజు ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. దాన్ని నా ఫోన్లోనే రికార్డు చేస్తారు. ఇంటికి వెళ్ళి రోజూ ఒకసారి వినాలి. భయం దేనికో దాని దగ్గరే కాసేపు కూర్చుంటే అది మెల్లగా లొంగుతుందట.

"హోంవర్కు చేశారా?"

"చేశానండీ."

"ఎన్నిసార్లు విన్నారు?"

"రోజూ."

పిల్లల నోట ఈ అబద్ధం కొన్ని వేలసార్లు విని ఉంటాను. చెప్పేటప్పుడు వాళ్ళు ఎటు చూస్తారో నాకు తెలుసు. నేనూ అటే చూశాను, ఫ్యాను వైపు. మేడమ్ కూడా ఓసారి ఫ్యాను వైపు చూసి, "బాగా తిరుగుతోందా?" అన్నారు. నాకు నవ్వు రాలేదు గాని, మొహం వేడెక్కింది.

"సరే, మొదలుపెట్టండి."

మొదలుపెట్టాను. ఆరోసారి.

"ఆఖరి పీరియడ్. భిన్నాలు చెబుతున్నాను. ప్యూను పరిగెత్తుకొస్తున్నాడు. కాలువ గట్టు తెగిందంటున్నాడు. పిల్లల్ని లేపి నిలబెడుతున్నాను. తలుపు దగ్గర లెక్కపెడుతున్నాను, ముప్పై నాలుగు. వరండాలో నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. ముందు మెట్లు ఎక్కుతున్నాం. పదకొండు మెట్లు, మలుపు. మలుపు దగ్గర లెక్కపెడుతున్నాను. మళ్ళీ లెక్కపెడుతున్నాను. ముప్పై నాలుగు. ఇంకో పదకొండు మెట్లు. మేడ మీద లెక్కపెడుతున్నాను, ముప్పై నాలుగు. కింద పెద్ద చప్పుడు. ప్రహరీ గోడ..."

"ఆగండి."

ఆగాను.

"ఆరు వారాల నుంచి వింటున్నాను. ఒక్క మాట మారలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నారు. అది తప్పని కాదు, మీ వృత్తి అది. కానీ ఒకటి అడగాలనిపిస్తోంది. తలుపు దగ్గర ఒకసారి లెక్కపెట్టారు. పైన ఒకసారి. మలుపు దగ్గర మాత్రం ప్రతిసారీ రెండుసార్లు. ఎందుకు?"

"అలవాటు."

"నేను ఇరవై ఏళ్ళు వార్డులో మందులు లెక్కపెట్టాను. లెక్క సరిపోతే సీసా మూత పెట్టేస్తాం. సరిపోకపోతేనే మళ్ళీ పెడతాం." ఆవిడ చేతిరుమాలు మడత విప్పి మళ్ళీ మడిచారు. "మొదటిసారి ఎంత వచ్చింది టీచరు గారూ?"

పదకొండు కుర్చీలు. రెండు కిటికీలు. ఒక్కో కిటికీకి తొమ్మిది ఊచలు. ఆవిడ తొందరపెట్టలేదు. కింద ఎవరో సైకిల్ స్టాండు వేశారు. పత్రికల కట్టల మీద దుమ్ము వాసన.

"ముప్పై అయిదు," అన్నాను.

ఆ తరవాత కళ్ళు మూసుకోవలసిన అవసరం రాలేదు.

"చివరి తల మీద చెయ్యి వేశాను. చూడకముందే చేతికి తెలిసింది. ఆ జడ పొద్దున నేనే వేశాను. ఒక పాయ వదులుగా వచ్చింది, మళ్ళీ విప్పి వేసే టైం లేక అలాగే వదిలేశాను. ఆ వదులు పాయ చేతికి తగిలింది. వరండాలో రెండు వరసలూ ఎదురైనప్పుడు తన వరసలోంచి మా వరస చివరికి వచ్చేసింది. నాకు కోపం వచ్చింది. ఇక్కడేం చేస్తున్నావ్, నీ లైన్లోకి వెళ్ళు అన్నాను. అటు నీళ్ళున్నాయి, భయంగా ఉంది, మీతో వస్తా అంది. మీతో అంది మేడమ్, నీతో అనలేదు. చీలమండ నీళ్ళకి భయమేంటి, నీ ఒక్కదానికి వేరే రూలా, అందరూ చూస్తున్నారు అన్నాను. సరే అంది. దిగి వెళ్ళింది. నేను మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. సరిపోయింది."

"తరవాత?"

"లెక్క సరిపోయినందుకు నాకు ఊరటగా అనిపించింది."

ఇదే ఎవరికీ చెప్పలేనిది. తనని పంపించేయడం కంటే ఇదే ఎక్కువ. ఆ రెండు మూడు నిమిషాల్లో తన వరస వెనక మెట్లెక్కి వెళ్ళిపోయింది. తను ఖాళీ వరండాలో ఒక్కతీ నడిచింది. గోడ పడింది. మేడ మీద చిన్న టీచర్ లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, నా వైపు చూసినప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ఆమెకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఈరోజుకీ కాలేదు.

మేడమ్ రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. ఈసారి అది జలుబు కాదని తెలుస్తూనే ఉంది. మీ తప్పు కాదు అంటారేమోనని భయపడ్డాను. అనలేదు.

"ఆ నీళ్ళు అంత ఎత్తుకి వస్తాయని మీకు తెలుసా?"

"తెలియదు."

"తెలిస్తే?"

"తెలిస్తే అందరినీ తొక్కుకుంటూ దాన్ని చంకనేసుకొని పోయేదాన్ని. ముప్పై నలుగురినీ వదిలేసేదాన్ని." అలా అంటానని నాకే తెలియదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ తల ఊపి, "మీరు వచ్చిన మొదటిరోజు నుంచి సిగ్గు అనే మాట వాడుతున్నారు. దుఃఖం అనలేదు, భయం అనలేదు. ఏ రోజు గురించి మీకు సిగ్గు?" అన్నారు.

"ఏ రోజంటే?"

"వరద రోజు గురించా, ఇంకేదైనా రోజా?"

వరద రోజే అనబోయాను. గాల్లో ఉన్న ఒక చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది.

"మొన్న ఆదివారం," అన్నాను.

ఆదివారం ఏం జరిగిందో చెప్పాను. సోమవారం కాగితం గురించీ చెప్పాను. మేడమ్ అంతా విన్నారు. "ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు. ఎవరికి చెప్పమనీ అనను, వద్దనీ అనను. అది నా పని కాదు. వచ్చే బుధవారం మళ్ళీ మలుపు దగ్గర నుంచి మొదలుపెడదాం," అన్నారు. తలుపు దాకా వచ్చి, "హోంవర్కు కూడా చెయ్యండి," అని చేర్చారు.

ఇంటికి నడుస్తూ ఆ రోజుది విన్నాను. 'ముప్పై అయిదు' దగ్గర నా గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

*

గురువారం మధ్యాహ్నం ఆయన వరండాలో ఒక మెషీన్ విప్పి, బాబిన్ పెట్టే కేసు తోముతున్నారు. అత్తయ్య మంచం మీద నడుం వాల్చింది.

"ఏవండీ, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. చేతులు ఖాళీ లేవు గాని చెవులు ఖాళీయే."

నిలబడే చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు. మలుపు దగ్గర తను మా వరసలోకి వచ్చింది, నేనే వెనక్కి పంపాను. ఆయన చేతిలో బ్రష్షు ఆగింది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఏమంది?"

"ఎవరు?"

"బాబిన్. వెళ్ళమంటే ఏమంది?"

ఇది మేడమ్ దగ్గర కూడా సగమే చెప్పాను. "సరే టీచర్ అంది."

"టీచర్," అన్నారు ఆయన. ఆ మాటని ఎప్పుడూ విననట్టు అన్నారు. కేసుని కిరసనాయిల్ గిన్నెలో వదిలేశారు. అది అడుగుకి పోయి టక్కుమంది.

"ఫిర్యాదు దిద్దింది నువ్వే కదా?"

"నేనే."

"ఒత్తులు పెట్టావు."

"పెట్టాను."

ఇంకేదో అడుగుతారని చూశాను. ఆయన లేచి, చేతులు కూడా తుడుచుకోకుండా, చెప్పులు వేసుకొని బయటికి వెళ్ళిపోయారు. గేటు గడియ మీద కిరసనాయిల్ మరక మిగిలింది.

అత్తయ్య లేచి కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ పిల్లని గుమ్మంలో నిలబెట్టి నేను ఎన్ని మాటలన్నాను," అంది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావన్నాను. పేరు పలికే అర్హత లేదన్నాను. నువ్వు నా వెనకే నిలబడి ఉన్నావు అమ్మాయ్. నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాలనిపించలేదా నీకు?"

"అనిపించింది అత్తయ్యా."

"మరి?"

నేను గోడ దగ్గరికి వెళ్ళి ప్రశంసాపత్రం దించి, అద్దం వెనక్కి తిప్పి, బీరువా పైన పెట్టాను. అత్తయ్య వద్దనలేదు.

ఆ సాయంత్రం అత్తయ్య పంపు విప్పినప్పుడు బకెట్లో గుడ్డ వెయ్యలేదు. నీళ్ళు పెద్ద చప్పుడుతో పడ్డాయి. వంటింటి గోడని పట్టుకొని నిలబడి, బకెట్ నిండేదాకా విన్నాను. మర్నాడూ వెయ్యలేదు. వెయ్యమని అడిగే మొహం నాకు లేదు.

ఆయన ఆ రోజు చీకటి పడకముందే వచ్చారు. శుక్ర, శని, ఆదివారాలు నాతో మాట్లాడలేదు. ఆదివారం భోజనం దగ్గర మాత్రం, పళ్ళెంలోకి చూస్తూ, "రేపు పదకొండింటికేగా?" అన్నారు.

"అవును."

"నేనూ వస్తాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే నేనే సంతకం పెట్టాలట."

*

విచారణ గది చిన్నది. అధికారి, ఆయన పక్కన రాసుకునే గుమాస్తా, ఎదురుగా నాలుగు కుర్చీలు. ఒకదాని మీద చిన్న టీచర్, ఒళ్ళో సంచీ పెట్టుకొని. నన్ను చూసి లేవబోయింది. నేను చూపు తప్పించి కాగితం బల్ల మీద పెట్టాను.

ఆరు గీతల్లో రెండే నిండి ఉన్నాయి. అధికారి పైకి చదివారు: 'ముందు మెట్ల మలుపులో ఆమె నా తరగతి వరసలోకి వచ్చింది. లెక్క ఎక్కువైందని నేనే ఆమెను వెనక్కి పంపాను.'

అధికారి కళ్ళజోడు తీసి నన్ను చూశారు. జాలిగా చూడబోయి, ఎలా చూడాలో తెలియక మానుకున్నట్టున్నారు.

"ఇది నాలుగు నెలల కిందట ఎందుకు చెప్పలేదమ్మా?"

"సిగ్గు వల్ల."

గుమాస్తా కలం ఆపి, "అలాగే రాయమంటారా?" అని అడిగాడు. నన్ను కాదు, అధికారిని.

"అలాగే రాయండి," అన్నాను నేను.

మా ఆయన లోపలికి వచ్చి సంతకం చేసి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళారు. అధికారి కాగితాలు సర్దుకొని, వెనక మెట్ల మలుపులో లెక్క మానడం గురించి చిన్న టీచర్‌కి ఒక హెచ్చరిక మాత్రం ఇస్తామని, వచ్చే నెల నుంచి బడికి రావచ్చని చెప్పారు. నా సంగతి పైవాళ్ళు చూస్తారన్నారు. సరేనన్నాను.

చిన్న టీచర్ ఇవేవీ విన్నట్టు లేదు. కుర్చీలోంచి నా వైపు తిరిగింది.

"అయితే తలుపు దగ్గర ఇరవై ఏడే."

"ఇరవై ఏడే. నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావు."

"ఆఖరి తల తగిలింది."

"తగిలింది."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. నేను చెయ్యి చాపలేదు. చాపే హక్కు నాకు లేదు. కాసేపటికి చేతులు తీసి, కళ్ళు తుడుచుకొని, లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఆ ఆదివారం నేను వచ్చినప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే నాకు మంచినీళ్ళు ఇచ్చారు."

"ఇచ్చాను."

ఇంకో మాట అంటుందేమోనని నిలబడ్డాను. ఏం అన్నా పడదామని సిద్ధంగానే ఉన్నాను. ఆమె సంచీ భుజానికి తగిలించుకొని వెళ్ళిపోయింది. వస్తానక్కా అనలేదు.

బయట మా ఆయన స్కూటర్ పక్కన నిలబడి ఉన్నారు. గోళ్ళ సందుల్లో నూనె మరకలు. ఎంత కడిగినా అవి పోవు.

"అంతా చెప్పావా?"

"అంతా."

ఆయన స్కూటర్ ఎక్కి స్టార్ట్ చేశారు. ఎక్కమని అనలేదు. వెళ్ళిపోనూ లేదు. ఇంజను ఆగకుండా చూసుకుంటూ, రోడ్డు వైపే చూస్తూ ఉన్నారు. నేను కొంతసేపు అక్కడే నిలబడ్డాను, నడిచి వెళ్ళడమే మర్యాదేమో అనుకుంటూ. ఆయన ఇంకా కదల్లేదు. ఎక్కి కూర్చున్నాను, ఎప్పట్లాగే వెనక అంచుకి జరిగి, మధ్యలో ఒక పిల్ల పట్టేంత చోటు వదిలేసి.